రాయపురమున నడచువానికి చోటెక్కడ?

"తెలుగువారి సంఘమునకు కాలిబాటల గొడవ యేల?" అని గడచిన సమావేశమున ఒక పెద్దలు ప్రశ్నించిరి. బడులలో తెలుగును నిలుపుకొనుట, గ్రంథాలయమును కాపాడుకొనుట, పండుగలను పదిమందితో కలిసి జరుపుకొనుట మన పనులనియు, రోడ్ల సంగతి కార్పొరేషనువారును, లారీల సంగతి పోలీసువారును చూచుకొందురనియు వారి యభిప్రాయము. సభలో కొందరు అవునని తల లూపిరి. ఆ పెద్దల వయసును, వారు సంఘమునకు చేసిన సేవను గౌరవించుచునే, వారి మాట సరికాదని చెప్పుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

2006లో తమిళ నిర్బంధ బోధన చట్టము వచ్చిన నాటినుండి మన పిల్లలకు తల్లిభాషను దక్కించుటకై అల్పసంఖ్యాక భాషల సంఘములు పడిన పాటు పాఠకు లెరుగనిది కాదు. విన్నపములు వ్రాసితిమి, అధికారుల గుమ్మముల యెదుట నిలిచితిమి, న్యాయస్థానముల మెట్లెక్కినవారును మనలో కలరు. మంచిదే. కాని తెలుగు వాచకమును సంచిలో పెట్టుకొన్న బిడ్డ బడికి ఏ త్రోవను పోవలెను? అవ్వ చేయి పట్టుకొని ఈ వీథిలోనే కదా పోవలెను! ఆ వీథిలో ఆ యిద్దరికి రెండడుగుల నేల లేనప్పుడు, వాచకము ఏ భాషలో నున్నదను వాదము కొంత వెనుకకు పోవలసినదే. ముందు బిడ్డ బడికి క్షేమముగా చేరవలెను.

గత వారము ఉదయము ఎనిమిది గంటల వేళ రాయపురము రైలుస్టేషను నుండి కల్మండపము మీదుగా ఎం.సి. రోడ్డు వరకు మేము నడచితిమి. చెన్నపట్టణవాసులమగు మనము కాలిబాటను ‘ప్లాట్‌ఫార’మని పిలుతుము. ఆ ప్లాట్‌ఫారము కొన్ని చోట్ల ఉన్నది. కొన్ని చోట్ల ఉండెనను గుర్తు మాత్రమున్నది. ఉన్నచోట అది వాననీటి కాల్వమీద పరచిన సిమెంటు పలకల వరుస. ఒక పలక లోనికి క్రుంగియుండును, వేరొకటి పైకి లేచియుండును. పది అడుగులు పోవునంతలో కరెంటు పెట్టె అడ్డముగా నిలుచును. దానిని తప్పించుకొనిన, వరుసగా నిలిపిన స్కూటరులు. వానిని దాటిన, ఎవరో కట్టుకొనుచున్న మేడకు తెచ్చిన ఇసుక, కంకర. ఆ తరువాత ఒక యింటి గుమ్మమునుండి రోడ్డుమీదికి జారిన సిమెంటు వాలు. నడచువాడు ఎక్కుచు, దిగుచు, తుదకు విసిగి రోడ్డుమీదనే నడచును. రోడ్డుమీద షేర్ ఆటోలు, వ్యానులు, నీళ్ల ట్యాంకరులు, ఎదురుగా తప్పుదారిని వచ్చు మోటారు సైకిళ్లు.

ఆ గుంపులో ఒక అవ్వను చూచితిమి. ఆమె మనుమరాలిని ఇండ్లవైపున నడిపించుచు, తాను వాహనములవైపున నడచుచుండెను. ఏదైన బండి మీదికి వచ్చినచో మొదట తనకు తగులవలెనని కాబోలు. కార్పొరేషను కట్టవలసిన కాలిబాటకు మారుగా ఆ ముదుసలి తన యెముకలను అడ్డుగోడగా నిలిపినది. దీనిని చూచియు ఇది మన సంఘమునకు సంబంధింపని విషయమని చెప్పగలవారెవరు?

రాయపురము నిన్న మొన్న పుట్టిన పేట కాదు. దక్షిణ భారతమున మొదటి రైలుబండి 1856 జూలై 1వ తేదీన ఈ రాయపురము స్టేషను నుండియే వాలాజా రోడ్డునకు బయలుదేరినది. ఆ స్టేషను భవనము నేటికిని నిలిచియున్నది. 1949 సెప్టెంబరులో ఈ ప్రాంతపు రాబిన్సన్ పార్కులోనే ఒక గొప్ప రాజకీయ పక్షము తన తొలి బహిరంగసభను జరిపినది. ఒక ప్రక్క సెయింట్ పీటర్ దేవాలయము, మరియొక ప్రక్క కాశిమేడు చేపల రేవు, నడుమ ఆర్.ఎస్.ఆర్.ఎం. కాన్పుల ఆస్పత్రి, దక్షిణమున స్టాన్లీ ఆస్పత్రి. ఇక్కడికి వచ్చువారిలో పెక్కురు కాలినడకనో, బస్సు దిగి కాలినడకనో వచ్చువారే. నిండు చూలాలు నడచి వచ్చు త్రోవ ఇది. కట్టుకట్టిన కాలితో రోగి తిరిగి పోవు త్రోవ ఇది. తెల్లవారకముందే చేపల గంపతో స్త్రీలు పోవు త్రోవ ఇది. ఇట్టి పేటలో నడచువానికి మొదటి చోటు ఉండవలసినది. అతనికి మిగిలినది చిట్టచివరి చోటు. అదియు స్కూటరు నిలుపగా మిగిలిన చోటు.

ఇచట మనవారొకరిని స్మరింపక తప్పదు. సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారు తెలుగు దేవాంగ కుటుంబమున జన్మించి, మన ప్రక్కనున్న చాకలిపేటలో మగ్గములు నడిపి, మదరాసు కార్పొరేషనుకు అధికారేతరులలో మొదటి అధ్యక్షులైరి. 1920లో థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషను బడిలో పేదపిల్లలకు మధ్యాహ్న భోజనమును ఏర్పరచిన సభకు వారే అధ్యక్షులు. నగరము వారి పేరును రెండు చోట్ల నిలిపినది. దక్షిణమున త్యాగరాయనగరమును, దాని నడుమ త్యాగరాయ రోడ్డును నిర్మించినది. ఉత్తరమున వారు నివసించిన పేటలో కళాశాలకు, 2021 ఫిబ్రవరిలో తెరచిన మెట్రో స్టేషనుకు వారి పేరు పెట్టినది.

ఇప్పుడు ఆ రెండు చోట్లను పోల్చి చూడుడు. త్యాగరాయ రోడ్డున, అనగా పాండీ బజారున, 2019 నవంబరులో సుమారు 40 కోట్ల రూపాయల వ్యయముతో విశాలమైన కాలిబాటలను తీర్చిరి. కూర్చుండుటకు బల్లలు వేసిరి; చెట్లను నిలిపిరి; చక్రాల కుర్చీలో వచ్చువారికిని దారి చేసిరి. అది మంచి పని. దానిని చూచి మన మేడ్వము. కాని త్యాగరాయ శెట్టిగారి పేరున్న ప్రతి చోటునకు ఆ పని రావలదా? వారి పేరిట నున్న మెట్రో స్టేషను భూగర్భమున అద్దమువలె మెరయుచున్నది. మెట్లెక్కి పైకి వచ్చి రాయపురమువైపు తిరిగిన ప్రయాణికునికి అడుగు పెట్టుటకు నేల దొరకదు. భూమి క్రింద కోట్లు వెచ్చించి రైలును నడిపించిన నగరము, భూమిమీద ఆ రైలు వరకు మనిషిని నడిపింపలేకపోయినది. దక్షిణ చెన్నపురికి నడక షికారు. ఉత్తర చెన్నపురికి నడక బ్రతుకుతెరువు. షికారుకు బాట వేసి, బ్రతుకుతెరువును బురదలో విడిచిరి. మా ఫిర్యాదు ఇదియే.

ధనము లేదందురా? 2014లో చెన్నై కార్పొరేషను మోటారు లేని రాకపోకల విధానమును అంగీకరించినది. భారతదేశమున ఇట్టి విధానమును చేసికొన్న తొలి నగరములలో మనది యొకటి. రవాణాకై కేటాయించు సొమ్ములో నూటికి 60 పాళ్లకు తక్కువ కాకుండ నడకకు, సైకిలుకు వెచ్చింతుమని అందు వ్రాసికొనిరి. నగర వీథులలో నూటికి 80 వీథులకు కాలిబాటలు కట్టుదుమనిరి. పాదచారులుగాని, సైకిలువారుగాని వాహనముల క్రింద పడి ఒక్కరును చనిపోని నగరమును చేయుదుమనిరి. ఈ మాటలు ప్రతిపక్షమువారి యుపన్యాసములోనివి కావు. కార్పొరేషను తనకు తాను వ్రాసికొన్న ప్రతిజ్ఞలు. పదేండ్లు దాటినవి. ఆ నూటికి 80లో మన వీథు లెన్ని? ఆ నూటికి 60లో మన పేటకు వచ్చిన దెంత? ఈ రెండు ప్రశ్నలకు రిప్పన్ భవనమువారు వీథివారీగా, లెక్కతో సమాధానము చెప్పవలెను.

2023లో ఉత్తర చెన్నై అభివృద్ధికి మూడేండ్లలో 1,000 కోట్లు వెచ్చింతుమని ప్రభుత్వమువారు బడ్జెటులో ప్రకటించిరి. పిదప ఆ పథకమును ఇంకను పెంచిరి. హార్బరునుండి మధురవాయలు వరకు లారీలు పోవుటకు కట్టదలచిన రెండంతస్తుల మేడరోడ్డుకు 2022 మేలో శంకుస్థాపన జరిగినది. దాని వ్యయము 5,800 కోట్లపై మాట. లారీకి రెండంతస్తుల త్రోవ కట్టగల రాజ్యమునకు మనిషికి ఆరడుగుల పలకల త్రోవ కట్టుట శక్తికి మించిన పని యని ఎవరు నమ్ముదురు?

చట్టము లేదందురా? చట్టములకు కొదువ లేదు. 2017 నాటి కేంద్ర డ్రైవింగు నిబంధనల ప్రకారము కాలిబాటమీదగాని సైకిలు బాటమీదగాని వాహనమును నిలుపరాదు. భారత రోడ్ల కాంగ్రెసువారి ప్రమాణముల ప్రకారము ఏ అడ్డమును లేని కాలిబాట వెడల్పు 1.8 మీటరులకు తగ్గరాదు. రోడ్డునుండి దాని యెత్తు 15 సెంటీమీటరులు మించరాదు. అనగా ఇద్దరు ఎదురుబొదురుగా వచ్చినను తప్పుకొనగలంత వెడల్పు, వృద్ధులు మోకాలిపై చేయి వేయకుండ ఎక్కగలంత యెత్తు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టమున 198ఎ విభాగము చేర్చి, రోడ్డును ప్రమాణముల ప్రకారము కట్టని లోపమువలన ప్రాణముగాని అవయవముగాని పోయిన యెడల సంబంధిత అధికారి, కంట్రాక్టరు ఒక లక్ష రూపాయల వరకు జరిమానా చెల్లింపవలెనని విధించిరి. వీనియన్నిటిపైన, 2025 మే 14వ తేదీన సుప్రీంకోర్టువారు కాలిబాటను క్షేమముగా వాడుకొను హక్కు రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవనహక్కులో భాగమేయని చెప్పి, వికలాంగులకును అనుకూలముగా నుండు కాలిబాటల కొరకు మార్గదర్శక సూత్రములు చేయవలసినదిగా రాష్ట్రములను ఆదేశించిరి. కావున కాలిబాటను కోరుట దేబిరించుట కాదు. అది బాకీ వసూలు.

బాకీ చెల్లకపోవుటవలన నష్టమెంత? కేంద్ర రవాణా శాఖవారి లెక్క ప్రకారము 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో పాదచారులు 32,825 మంది. అనగా దినమునకు దాదాపు 90 మంది. సైకిలువారు 4,800కు పైబడిరి. ప్రమాదముల సంఖ్యలో ఆ యేడు మన తమిళనాడే దేశమున మొదటి స్థానమున నిలిచినది. నడచుట నేరము కాదు. సైకిలు త్రొక్కుట నేరము కాదు. నేరము చేయనివారికి ఈ శిక్ష యేల?

సైకిలు మాట వచ్చినది గనుక ఒక్క సంగతి చెప్పవలెను. తమిళనాడు ప్రభుత్వమువారు బడిపిల్లలకు ఉచితముగా సైకిళ్ల నిచ్చుచున్నారు. 2001లో ఆదిద్రావిడ, గిరిజన బాలికలతో మొదలైన ఆ పథకము 2005లో తక్కిన పదకొండవ తరగతి విద్యార్థులకును విస్తరించినది. ఎంతో మంది బాలికల చదువును నిలిపిన పథకమది, చేతులెత్తి మ్రొక్కదగినది. కాని సైకిలును చేతికిచ్చిన ప్రభుత్వము దానిని త్రొక్కుటకు త్రోవ నియ్యలేదు. పదునారేండ్ల బిడ్డ క్రొత్త సైకిలుమీద కాశిమేడువైపు పోవునప్పుడు ప్రక్కనుండి కంటెయినరు లారీ దాటును. ఆ లారీ చక్రము ఆ బిడ్డ భుజమంత యెత్తుండును. లారీ డ్రైవరుకు తన యెడమవైపున దగ్గరగా నున్న సైకిలు కనబడదు. అతడు దుర్మార్గుడు కాడు. గంటల తరబడి హార్బరు వాకిట వరుసలో నిలిచి, నిద్ర లేక అలసినవాడు. అట్టి లారీని, అట్టి సైకిలును ఒకే వేళ ఒకే త్రోవలోనికి వదలి, ఆపైన ప్రమాదమును దైవాధీనమనుట న్యాయమా? దైవమునకు రాకపోకల శాఖతో పని లేదు.

మన పేటలో సైకిలు బీదవాని బండి కూడ. నీళ్ల క్యానులు, పాలు, పత్రికలు, ఇడ్లీ పిండి ఇంటింటికి చేర్చువాడు సైకిలుమీదనే వచ్చుచున్నాడు. చేపలను, మంచుగడ్డలను మోయు మూడు చక్రాల బండి రాయపురమునకు సొంతమైనది. వారికి త్రోవ చూపకుండ ‘సైకిలువాడు అడ్డు వచ్చెన’ని హారను మ్రోగించు కారువాడు, తన యింటికి ఉదయమున పాలు తెచ్చినవానినే తిట్టుచున్నాడని మరువరాదు.

ఇక మన కోరికను విన్నప్పుడెల్ల వినవచ్చు నాలుగు అభ్యంతరములకు సమాధానము చెప్పెదము.

మొదటిది, "పాత పేట, ఇరుకు వీథులు; కాలిబాటకు చోటెక్కడిది?" అనునది. వీథి ఇరుకు అనుట కాలిబాటను మానుటకు కారణమగునేని, వేగమును తగ్గించుటకు అంతకన్న పెద్ద కారణమగును. వెడల్పైన రోడ్డుకు కాలిబాట కావలెను. ఇరుకు సందుకు నిదానము కావలెను. గంటకు 60 కిలోమీటరుల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటరులు పోవును. 30 కిలోమీటరుల వేగమున 8 మీటరులకు కొంచెము పైన పోవును. గుమ్మము దాటిన వెంటనే వీథి యగు మన సందులలో, పరుగెత్తివచ్చు బిడ్డను చూచి బ్రేకు త్రొక్కుటకు ఆ సెకనే ప్రాణము. వేగము రెట్టింపైన దెబ్బ బలము నాలుగింతలగును. ఈ ప్రకృతి నియమమునకు సిఫారసు పనికిరాదు. సగటు వేగము నూటికి ఒక పాలు పెరిగిన, ప్రాణాంతక ప్రమాదముల ముప్పు నూటికి నాలుగు పాళ్లు పెరుగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో కూడిన నానా దేశముల మంత్రులు, మనుషులు వాహనములు కలిసి తిరుగు చోట 30 కిలోమీటరులకు మించరాదని తీర్మానించిరి.

హాలండు దేశపు సంగతి మనకు పాఠము. నేడు సైకిళ్ల స్వర్గమనబడు ఆ దేశమునను 1950, 60 సంవత్సరములలో సైకిలును ప్రక్కకు త్రోసి కారునకే త్రోవ లిచ్చిరి. ఫలితముగా 1971 ఒక్క యేటనే రోడ్లమీద సుమారు 3,300 మంది చనిపోయిరి. వారిలో పిల్లలు 400కు పైబడిరి. అప్పుడు తల్లిదండ్రులు వీథులలో బైఠాయించి ‘పిల్లల హత్యను ఆపుడు’ అను పేరుతోనే ఉద్యమమును నడిపిరి. 1976లో అక్కడి ప్రభుత్వము నివాస వీథులలో బండి మనిషి నడక వేగమున పోవలెనని చట్టము చేసినది. ఆ వీథులు మన వీథులకన్న విశాలమైనవని కాదు. ఆ తల్లిదండ్రులు మనకన్న గట్టిగా అడిగిరి.

రెండవ అభ్యంతరము వ్యాపారులది: "బండి నిలుపనీయకున్న బేరములు పోవును." మన వర్తక సోదరులను ఒక్క ప్రశ్న అడిగెదము. దీపావళి ముందు ఎం.సి. రోడ్డు నిండిపోవునది కార్లతోనా, కాళ్లతోనా? అంగడి వాకిట నిలిచిన స్కూటరు బేరమాడదు. నడచివచ్చు కుటుంబము బేరమాడును. చాలచోట్ల ఆ స్కూటరు కొనవచ్చినవానిది కూడ కాదు. ప్రొద్దున నిలిపి రాత్రి తీయు అంగడి గుమాస్తాదో, యజమానిదో! తన బండిచేత తన గిరాకికి తానే అడ్డు పెట్టుకొను వర్తకనీతి ఏ శాస్త్రములో నున్నది?

ఈ సందర్భమున వీథి చిల్లర వ్యాపారులపై దండెత్తువారిని హెచ్చరింపవలసియున్నది. కాలిబాట యనగానే పూలమ్మను, పండ్లబండివానిని తరిమివేయుటయే సంస్కారమని కొందరి తలంపు. పూలగంప రెండడుగుల చోటు తీసికొనును, పదిమందికి అవసరమైన సరకు నిచ్చును. నిలిచియున్న కారు పది గంటలసేపు పదునైదడుగులు తీసికొనును, ఎవరికిని ఏమియు నియ్యదు. 2014 నాటి వీథి వ్యాపారుల చట్టము వారికి చోట్లు గుర్తించి ఇమ్మనినది. చోటు గుర్తించిన, వారును బ్రతుకుదురు, బాటయు నిలుచును. బలవంతుని కారును తాకలేక బలహీనుని బుట్టను తన్నుట వీథిని బాగుచేయుట కాదు.

మూడవది, "హార్బరు ఆగిన మన బ్రతుకులే ఆగును" అనునది. నిజమే, హార్బరు పనిమీద బ్రతుకు కుటుంబములు మనలోను కలవు. కాని హార్బరును ఆపుమని ఎవ రనిరి? బడి తెరచు వేళ, మూయు వేళ నివాస వీథులలోనికి బరువు లారీలను వదలవద్దనుచున్నాము. లారీలు వరుసకట్టుటకు వీథిని గాక వేరు మైదానమును చూపుమనుచున్నాము. ఉదయము గంటన్నర, సాయంకాలము గంటన్నర పిల్లల కొరకు ఆగలేని వ్యాపారము మహానగరమున ఉండునా?

నాలుగవది, "నడచువారే క్రమము తప్పుదురు, ఎక్కడబడిన అక్కడ దాటుదురు" అనునది. దాటుటకు చోటు చూపి, ఆ తరువాత నింద మోపుడు. జీబ్రా గీతలు చెరిగిపోయి, విభాజకమునకు సందు లేక, దీపము వెలుగక, అర ఫర్లాంగు పోయి తిరిగి రమ్మని ముసలివానిని ఆజ్ఞాపించి, అతడు పోలేకున్న క్రమము తెలియనివాడనుట, కంచములో అన్నము పెట్టక తినుట రాదని నవ్వుటవంటిది.

అన్యులను ఇంతసేపు ప్రశ్నించితిమి. ఇక మన గుమ్మములను చూచుకొందము. ఈ మాట కొందరికి కష్టముగా నుండును. అయినను చెప్పక తప్పదు.

మన తాతల నాటి యిండ్లకు వీథివైపున అరుగు లుండెడివి. ఎండలో నడచివచ్చినవాడు అడుగకయే అరుగుమీద కూర్చుండి, మంచినీళ్లు త్రాగి పోవుచుండెను. ఇంటి హద్దులోని చోటును మన పెద్దలు బాటసారికి విడిచిరి. నేడు అరుగును పడగొట్టి ఆ చోట గది కట్టితిమి. అంతటితో తనివి తీరక, స్కూటరు ఎక్కించుటకు వీథిలోనికి మూడడుగుల సిమెంటు వాలు దించితిమి. తాత తన చోటును బాటసారికిచ్చెను. మనుమడు బాటసారి చోటును తాను పుచ్చుకొనెను. ఇంటిముందు ముగ్గు వేయవలసిన చోట రెండు మోటారు సైకిళ్లు నిలిచినవి. సంక్రాంతికి ముగ్గులపోటీలు పెట్టుచున్నాము. ముగ్గు వేయుటకు నేల లేక హాలులో పెట్టుచున్నాము! మన యిండ్ల పెండ్లిండ్లకు రోడ్డుకు అడ్డముగా పందిరి వేసి, కాలిబాటమీద గుంజలు పాతి, ఆ గుంతలను పూడ్చక విడిచిపోవుచున్నాము. పదేండ్ల కుఱ్ఱవానిని సందు చివరనున్న అంగడికి పంపుటకు భయపడుచు, పదునైదేండ్ల కుఱ్ఱవానికి లైసెన్సు లేకుండ మోటారు సైకిలు తాళపుచెవి నిచ్చుచున్నాము. మొదటి భయమునకు కారణము రెండవ యౌదార్యమే యని గ్రహింపకున్నాము.

కాబట్టి మా ప్రతిపాదన రెండు పాయలుగా నున్నది. మొదటిది మనము చేయదగినది. సంఘ సభ్యుల యిండ్లముందు కాలిబాటమీదికి దిగిన వాలులను, నిలిచిన బండ్లను, పేర్చిన సామానును ఈ మాసాంతములోగా మనమే తీయవలెను. కార్యవర్గ సభ్యులు ముందుగా తీసి చూపవలెను. మన సభలకు, పండుగలకు వచ్చువారు కాలిబాటమీద బండి నిలుపరాదని ఆహ్వానపత్రములోనే ముద్రింపవలెను. తన గుమ్మము శుభ్రముగా లేనివాని విన్నపమునకు అధికారి విలువ నియ్యడు. ఇచ్చినను మనకు మొగము చెల్లదు.

రెండవది ప్రభుత్వమునుండి రాబట్టదగినది. కల్మండపము, సిమెట్రీ రోడ్డు, పాత జైలు రోడ్డు, మెట్రో స్టేషనులకు పోవు రోడ్లలో 1.8 మీటరులకు తగ్గని, తెగిపోని కాలిబాట. కరెంటు పెట్టెలు, స్తంభములు నడుమ నుండక అంచునకు జరుగుట. ప్రతి బడి, ఆస్పత్రి వాకిట రోడ్డును కొంచె మెత్తు చేసి దాటుటకు చోటు. సందులన్నిట 30 కిలోమీటరుల హద్దు, ఆ హద్దును అతిక్రమింప వీలులేని రీతిని రోడ్డు నిర్మాణము. బడి వేళలలో బరువు లారీలకు నిషేధము. రోడ్డు మరల వేయునప్పుడు పాతదానిని చెక్కకుండ మీద మీద పోసి ఇండ్లను గుంతలు చేయకుండుట. ఉత్తర చెన్నై పథకపు నిధులలో నడకకు, సైకిలుకు ఎంత వెచ్చించిరో వీథివారీ ప్రకటన. వీనిలో ఒక్కటియు క్రొత్త చట్టమును కోరదు. 2014లో ఇచ్చిన మాటను మించదు.

ఇందుకై సంఘమువారు రెండు ఆదివారములు ఉదయమున యువకులను నాలుగు జట్లుగా పంపవలెను. చేత కొలత టేపు, కాగితము ఉండిన చాలును. ఎక్కడ బాట ఎంత వెడల్పు, ఎక్కడ తెగినది, ఏది అడ్డము అని వీథివారీగా వ్రాయవలెను. ‘మా పేటలో ఇబ్బందిగా నున్నది’ అను విన్నపము అధికారి బల్లమీద నిద్రించును. ‘ఫలాన వీథిలో ఫలాన యింటి సంఖ్య యెదుట బాట రెండడుగులకు తగ్గినది’ అను విన్నపము నిద్రపోనీయదు. దానిని తమిళమున, ఆంగ్లమున, తెలుగున వ్రాసి, 2022 నాటి నిబంధనలతో ఏర్పడిన వార్డు కమిటీకిని, ఏరియా సభకును, ఆపైన రిప్పన్ భవనమునకును అందజేయవలెను. వ్రాలు చేయుటకు మన తమిళ సోదరులను, పరతవ మత్స్యకారులను, ముస్లిం వర్తకులను, సెయింట్ పీటర్ దేవాలయపు పెద్దలను పిలువవలెను. అల్పసంఖ్యాకుల సంఘమని మన మొక్క మూల నుండనక్కరలేదు. పేటవారందరికి పనికివచ్చు కార్యమున ముందు నిలిచినవారి భాషను పేటవారే గౌరవింతురు. త్యాగరాయ శెట్టిగారు బడిపిల్లలకు అన్నము పెట్టించినప్పుడు వారిలో తెలుగువారెందరని లెక్కింపలేదు.

"తెలుగువారికి కాలిబాటల గొడవ యేల?" అని అడిగిన పెద్దలకు మా సవినయ ప్రార్థన యొక్కటి. రేపు ఉదయము ఎనిమిది గంటలకు, మీ కారును ఇంటనే యుంచి, మీ మనుమని చేయి పట్టుకొని కల్మండపము వరకు ఒక్కసారి నడువుడు. బిడ్డను ఏ వైపున నడిపింతురో మిమ్ము మీరే గమనింపుడు. ఆ అవ్వవలె మీరును ఇండ్లవైపునకు బిడ్డను జరిపి, మీ శరీరమును అడ్డుపెట్టుకొందురు. అప్పుడు తిరిగి వచ్చి, ఈ పని మన సంఘముది అగునో కాదో వచ్చు సమావేశమున మీరే సెలవిండు. తీర్మానమును మీ చేతనే ప్రవేశపెట్టించుటకు మేము సిద్ధముగా నున్నాము.